ఎండిన బకెట్టు: ఒక కండెన్సింగ్ బాయిలర్ డైరీ

1వ రోజు

ఇల్లు వెచ్చబెట్టే పాత బాయిలర్ ముందు గొంతుక్కూర్చుని నేమ్‌ప్లేట్ తుడిచి చదివాను. 45 కిలోవాట్లు. రెండంతస్తుల ఇల్లు, 14 రేడియేటర్లు, లావుపాటి ఇనుప పైపులు. ఇంటాయన కోరిక సూటిగా ఉంది: "ఇదే సైజులో కొత్తది, కండెన్సింగ్ రకం పెట్టెయ్యండి చాలు." కండెన్సింగ్ అంటే పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా వాడుకునే రకం.

పాతదాని సైజు చూసి కొత్తది తేవడమంటే అన్న కొలతలతో తమ్ముడికి చొక్కా కుట్టించడమే. అసలు ఆ 45 ఏ లెక్కన వచ్చిందో చెప్పేవాళ్లు లేరు. ఆ తర్వాత కిటికీలు మార్చారు, పైకప్పు కింద ఇన్సులేషన్ వేశారు. అందుకే టేపూ నోటుపుస్తకమూ పట్టుకుని గది గదీ తిరిగాను. గోడల విస్తీర్ణం, కిటికీల విస్తీర్ణం, వాటిలోంచి వేడి ఎంత సులువుగా పోతుందో చెప్పే యూ విలువలు, సందుల్లోంచి దూరే గాలి, అన్నీ కలిపితే పొద్దుపోయేసరికి లెక్క తేలింది. బయట మైనస్ 10, లోపల 20 డిగ్రీలు ఉన్నప్పుడు ఇల్లు పోగొట్టుకునే వేడి 24 కిలోవాట్లు. అంటే లోపలికీ బయటికీ తేడా ఒక్కో డిగ్రీకి 800 వాట్లు. ఈ 800 అన్న అంకెను బాయిలర్ గది గోడ మీద పెన్సిల్‌తో పెద్దగా రాశాను. ఈ పని అయ్యేదాకా దీంతోనే కాపురం.

వాడకం నీళ్లకు ఇంట్లో వేరే హీటరుంది. ఈ డైరీలో దాని ఊసు రాదు.

2వ రోజు

ఇవాళంతా రేడియేటర్లే. ఒక్కోదాని పొడవు, ఎత్తు, పలకలు లెక్కపెట్టి తయారీదారు పట్టికలో వెతికాను. అన్నీ కలిపి 44 కిలోవాట్లు. అయితే ఆ అంకె వెనక ఒక షరతుంది: నీళ్లు 75 డిగ్రీలతో లోపలికెళ్లి 65తో బయటికి రావాలి, గది 20లో ఉండాలి. అంటే నీళ్ల సగటు వేడి గదికంటే 50 డిగ్రీలు ఎక్కువ. ఆ తేడా తగ్గితే రేడియేటరిచ్చే వేడి అంతకన్నా జోరుగా తగ్గుతుంది, సుమారు 1.3 ఘాతంతో. తేడా సగమైతే వేడి సగం కాదు, 40 శాతమే.

నాకు కావలసింది 44లో 24. వెనక్కి లెక్కేస్తే రేడియేటర్లకు వెళ్లే నీరు (సప్లై) 60, తిరిగొచ్చే నీరు (రిటర్న్) 45 డిగ్రీలు ఉంటే ఈ రేడియేటర్లు 25 కిలోవాట్లిస్తాయి. ఏడాదిలో అతి చల్లని రోజున కూడా 45 డిగ్రీల రిటర్నే! పాతకాలపువాళ్లు రేడియేటర్లు అవసరానికి మించి పెట్టడం ఇవాళ మన పాలిట వరమైంది.

ఉత్తరం మూల గది మాత్రం తేడా కొట్టింది. దానికి 2.1 కిలోవాట్లు కావాలి. అక్కడి రేడియేటర్ పట్టికలో 2.6 అని ఉన్నా 60/45 దగ్గర ఇచ్చేది 1.5కి మించదు. ఈ ఒక్క గది కోసం ఇంటికంతటికీ వేడి పెంచితే రిటర్న్ కూడా పెరుగుతుంది, పథకం మొత్తం దెబ్బతింటుంది. అక్కడ 3.8 కిలోవాట్ల రెండు పలకల రేడియేటర్ పెడదామన్నాను. ఇంటాయన ముఖం కాస్త చిన్నబోయింది గానీ ఒప్పుకున్నారు.

రిటర్న్, రిటర్న్ అని ఎందుకంత పాకులాట అని ఆయనే అడిగారు. కాగితం మీద గీసి చూపించాను. గ్యాస్‌లో ఉండేది ప్రధానంగా మీథేన్. అది మండితే నీళ్లు పుడతాయి, కిలో మీథేన్‌కు రెండుంపావు కిలోలు. మామూలు బాయిలర్లో ఆ నీళ్లన్నీ ఆవిరిగానే, గుప్తోష్ణాన్ని, అంటే నీరు ఆవిరవడానికి పట్టే వేడిని, మూటగట్టుకుని పొగగొట్టంలోంచి వెళ్లిపోతాయి. ఆ మూట విప్పాలంటే పొగను దాని డ్యూ పాయింట్‌కంటే, అంటే ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే వేడికంటే, చల్లబరచాలి. మన బర్నర్‌లో పొగలో కార్బన్ డయాక్సైడ్ 9.2 శాతం దగ్గర ఉండేట్టు గాలి కలిస్తే ఆ డ్యూ పాయింట్ సుమారు 55 డిగ్రీలు. పొగను చల్లబరచడానికి మన దగ్గరున్నది రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీరొక్కటే. ఆ నీరు 55 దాటి వస్తే బాయిలర్ మీద ఏ పేరు రాసున్నా అది కండెన్సింగ్ కాదు.

పొగ 50 డిగ్రీలతో బయటికి పోతే ఆవిరిలో పావు వంతు నీరుగా మారుతుంది. 45 అయితే 43 శాతం. 40 అయితే 57. వాలు ఎంత నిటారుగా ఉందో చూడండి. అక్కడ రిటర్న్‌ను ఐదు డిగ్రీలు దించడమంటే మాటలు కాదు.

4వ రోజు

బాయిలర్ ఎంపిక. అందుబాటులో రెండున్నాయి. ఒకటి 35 కిలోవాట్లది, తగ్గించుకోగలిగినంత తగ్గిస్తే 7. రెండోది 25 కిలోవాట్లది, కనిష్ఠం 3.2. అందరూ పై అంకె చూస్తారు, నేను కింది అంకె చూస్తాను. గోడ మీది 800తో భాగిస్తే చాలు: 7 కిలోవాట్ల కనిష్ఠమంటే బయట 11 డిగ్రీలు దాటిన దగ్గర్నుంచీ బర్నర్ వెలగడం, ఆరడం, మళ్లీ వెలగడం. 3.2 అయితే 16 డిగ్రీల దాకా ఆగకుండా సన్నగా మండుతుంది. చలికాలంలో ఎక్కువ రోజులు గడిచేది మైనస్ 10 దగ్గర కాదు, 2 నుంచి 12 మధ్యలో. చిన్నదే తీసుకున్నాం.

వేడినీళ్లు నిల్వ ఉంచే బఫర్ ట్యాంకు కావాలా అని కూడా చూశాను. పైపుల్లో, రేడియేటర్లలో కలిపి 210 లీటర్ల నీళ్లున్నాయి. ఇంటిని జోన్లుగా ముక్కలు చెయ్యడం లేదు కాబట్టి అదే బఫర్.

5వ రోజు

పంపు లెక్క. ఘనమీటరు నీళ్లు ఒక డిగ్రీ చల్లబడితే 1.163 కిలోవాట్-గంటలు. 24 కిలోవాట్లను 15 డిగ్రీల తేడాతో మోయాలంటే గంటకు 1.38 ఘనమీటర్లు తిరగాలి.

నాతో పనిచేసే తమ్ముడు అప్పటికే కేటలాగు తిరగేస్తున్నాడు. "అన్నా, పై రేడియేటర్ 7 మీటర్ల ఎత్తులో ఉంది. 8 మీటర్ల హెడ్ పంపు చూడనా?"

"ఎందుకురా? మనం ట్యాంకు నింపుతున్నామా?"

హెడ్ అంటే పంపు ఇచ్చే ఒత్తిడి, నీటి ఎత్తు లెక్కలో. మూసి ఉన్న వలయంలో పైకెక్కే నీటి బరువును కిందికి దిగే నీటి బరువే తూకం వేస్తుంది. రంగులరాట్నంలో పైకెళ్లే కుర్చీని దిగే కుర్చీ లాగినట్టు. పంపు పోరాడేది రాపిడితోనే. పైపుల్లో, మలుపుల్లో కలిపి 7 కిలోపాస్కల్, రేడియేటర్ వాల్వు దగ్గర 8, ఫిల్టరూ తక్కిన వాల్వులూ 3. మొత్తం 18 కిలోపాస్కల్. అంటే 1.8 మీటర్ల హెడ్. బాయిలర్ లోపలి గొట్టాలకు మరో 12. అన్నీ కలిపినా 3 మీటర్లే. ఈ ప్రవాహానికీ ఈ ఒత్తిడికీ నీటికి అందాల్సిన శక్తి పదకొండున్నర వాట్లు. మోటారు నష్టాలు కలుపుకున్నా 35 వాట్ల లోపు. పాత పంపు రాత్రీ పగలూ 90 వాట్లు తినేది.

కొత్తది శాశ్వత అయస్కాంతపు మోటారున్న, వేగం తనే మార్చుకునే రకం. వేగం 80 శాతానికి దించితే ప్రవాహం 80, హెడ్ 64, కరెంటు 51 శాతం. ఈ ఘనం లెక్క నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది.

7వ రోజు

పాత పైపుల్లోంచి వచ్చిన నీళ్లు సిరా రంగులో ఉన్నాయి. నల్లటి ఇనుప ఆక్సైడ్ బురద. మూడుసార్లు కడిగితే గానీ తేటపడలేదు. రిటర్న్ మీద అయస్కాంతపు ఫిల్టర్ బిగించాం. మంట వేడిని నీటికి అందించే, సన్నటి దారులున్న ఎక్స్‌ఛేంజర్‌కూ అయస్కాంతమున్న పంపుకూ ఈ బురదే మొదటి శత్రువు.

బాయిలర్ గదిలో సప్లైకీ రిటర్న్‌కూ మధ్య పాత బైపాస్ వాల్వొకటి దొరికింది. వేడినీళ్లను రేడియేటర్ దాకా పోనివ్వకుండా దారిలోనే వెనక్కి తిప్పేసే రకం. పీకి పారేసి రెండు చివరలకూ డమ్మీలు బిగించాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

తర్వాత బాయిలర్‌తో వచ్చిన పుస్తకంలో ఉన్న బొమ్మ ప్రకారం లో-లాస్ హెడర్ పెట్టాం. నిలువుగా ఉండే లావుపాటి గొట్టం. బాయిలర్ వైపు ఒక పంపు, ఇంటి వైపు ఒక పంపు, ఒకదాని జోలికి ఇంకోటి రాదు. పెట్టడం తేలిక, ఆలోచించాల్సిన పని లేదు. ఈ వాక్యాన్ని తర్వాత తీరిగ్గా తిట్టుకున్నాను.

9వ రోజు

గ్యాస్ లైనూ పొగగొట్టమూ అనుమతి ఉన్న మనిషి వచ్చి బిగించి, లీకులు చూసి, పొగ కొలిచి వెళ్లాడు. ఆ రెంటి మీదా నేను చెయ్యి పెట్టను. పొగగొట్టం బాయిలర్ వైపే వాలుగా ఉండేలా చూసుకున్నాం, గొట్టంలో కారిన నీళ్లు కూడా వెనక్కే రావాలి కాబట్టి. వెలిగించే ముందు కండెన్సేట్ ట్రాప్‌ను, అంటే ఆవిరి నుంచి కారిన నీళ్లు బయటికి పోయే వంపును, నీళ్లతో నింపాం. ఇది మర్చిపోతే ట్రాప్ గుండా పొగ గదిలోకి వస్తుంది.

డ్రెయిన్ పైపు ఇంకా పూర్తి కాలేదు. అందుకని ఇంటాయన దగ్గర ప్లాస్టిక్ బకెట్ ఒకటి అడిగి తెచ్చి ట్రాప్ కింద పెట్టాను. బయటి ఉష్ణోగ్రత సెన్సర్ కూడా ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. తర్వాత చూద్దాంలే అని సప్లైని 60 దగ్గర స్థిరంగా పెట్టాను.

వెలిగింది. రేడియేటర్లన్నీ వేడెక్కాయి. అందరూ సంతోషం.

12వ రోజు

పొద్దున్నే తమ్ముడి ఫోన్. "అన్నా, బకెట్ అడుగు తడిసిందంతే."

బయట 5 డిగ్రీలు. అంటే ఇల్లు అడిగేది 12 కిలోవాట్లు. ఆ మంట నుంచి గంటకు 1.8 లీటర్ల నీరు పుడుతుంది. అందులో సగం పట్టుకున్నా రెండు గంటల్లో ఆ బకెట్లో దాదాపు రెండు లీటర్లు ఉండాలి. మూడు రోజులుగా అడుగు కూడా నిండలేదు.

తమ్ముడికి బాయిలర్ మీదే అనుమానం. నాకు నా మీద అనుమానం.

13వ రోజు

హెడర్‌కు కలిసే నాలుగు పైపుల మీదా నాలుగు థర్మామీటర్లు కట్టి, పైన గుడ్డ చుట్టి గంటసేపు కూర్చున్నాను. బాయిలర్ నుంచి హెడర్‌లోకి 60. హెడర్ నుంచి ఇంట్లోకి 60. ఇంట్లోంచి హెడర్‌లోకి 34. హెడర్ నుంచి బాయిలర్‌లోకి 56.

34గా వచ్చిన నీరు 56గా ఎలా వెళ్తోంది?

కాగితం మీద వేస్తే కళ్లు తెరుచుకున్నాయి. ఎండపొద్దు, గదులు వెచ్చగా ఉన్నాయి, గది వెచ్చబడితే నీటిని తగ్గించే థర్మోస్టాట్ వాల్వులు గొంతు నొక్కేశాయి. ఇంటి వైపు ప్రవాహం గంటకు 0.4 ఘనమీటర్లే. బాయిలర్ వైపు పంపు మాత్రం స్థిరవేగంతో 2.4 తిప్పుతోంది. మిగతా 2 ఘనమీటర్ల 60 డిగ్రీల నీరు ఇల్లు మొహం కూడా చూడకుండా హెడర్‌లో పైనుంచి కిందికి దిగి, ఇంటి నుంచి వచ్చే చల్లటి నీళ్లతో కలిసి బాయిలర్‌లోకి పోతోంది. కలిపి చూస్తే 55.7. థర్మామీటర్ అబద్ధమాడలేదు.

7వ రోజున పీకేసిన బైపాస్ వాల్వు వేలెడంత. దాని స్థానంలో నేను పెట్టింది నా చెయ్యంత బైపాస్. పిల్లదొంగను తరిమేసి గజదొంగకు తాళాలు అప్పజెప్పాను.

హెడర్ చెడ్డదని కాదు. బాయిలర్‌కు ఎక్కువ ప్రవాహం తప్పనిసరైన చోట, నాలుగైదు పంపులు ఒకదానితో ఒకటి కొట్టుకునే చోట అది కావాలి. అక్కడ కూడా బాయిలర్ వైపు ప్రవాహం ఇంటివైపు ప్రవాహాన్ని మించకుండా కాపలా కాయాలి. తిరగబడి ఇంటి వైపు ఎక్కువైతే అప్పుడు రిటర్న్ చల్లగానే వస్తుంది గానీ ఇంట్లోకి పోయే నీరు పలచబడి చల్లారుతుంది. ఒక్క బాయిలరూ ఒక్క వలయమూ ఉన్న ఈ ఇంట్లో దానికి పనే లేదు. పుస్తకంలో బొమ్మ ఉందని పెట్టాను.

14వ రోజు

ముందు చేతిలో ఉన్న మందు. బాయిలర్ పంపును అన్నిటికన్నా తక్కువ మెట్టుకు దించాను. ప్రవాహం 1 ఘనమీటర్. రిటర్న్ 50కి దిగింది. బకెట్లో టప్ టప్ మని చప్పుడు మొదలైంది. గంటకు పావు లీటరు. ఆ చప్పుడు వింటూ చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

20వ రోజు

హెడర్ కోసి తీసేశాం. రెండు పంపుల బదులు ఒకే పంపు. ఇంటి నుంచి రిటర్న్, ఫిల్టర్, పంపు, బాయిలర్, గాలి తీసే కుండ, మళ్లీ ఇల్లు.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. వాల్వులన్నీ మూసుకుంటే బాయిలర్‌లో నీళ్లు కదలవు. మనది కనీసం గంటకు 250 లీటర్లు అడుగుతుంది. హాలులో ఉన్న రెండు పెద్ద రేడియేటర్లకు థర్మోస్టాట్ తలలు తీసేసి ఎప్పుడూ తెరిచే ఉంచాం. వాటి వాటా 4.5 కిలోవాట్లు, అంటే గంటకు సుమారు 260 లీటర్లు. సరిపోయింది. వేడినీళ్లు వేస్టుగా వెనక్కి తిరగడం కన్నా హాలు వెచ్చగా ఉండటం మేలు కదా.

21వ రోజు

పై అంతస్తులో గుడగుడలు. నిన్న గాలంతా తీశాం, ఇవాళ మళ్లీ గాలి. పై రేడియేటర్ దగ్గర స్క్రూ తిప్పితే నీళ్లు రావడం పోయి అదే లోపలికి పీల్చుకుంది!

తమ్ముడు భయపడ్డాడు. నాకు మాత్రం నవ్వొచ్చింది, ఎందుకంటే ఈసారి తప్పు వెంటనే దొరికింది. వేడికి వ్యాకోచించే నీటికి చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు ఇంతకుముందు హెడర్‌కు తగిలించి ఉండేది. హెడర్ తీశాక దాన్ని సప్లై పైపుకు, అంటే పంపు దాటాక, కలిపేశాం. ట్యాంకు కలిసే చోట పంపు నడిచినా ఆగినా ఒత్తిడి మారదు. మారనిది అక్కడొక్కచోటే. అక్కడ్నుంచి ఇల్లంతా తిరిగి పంపు నీళ్లు లాగే నోటికి వచ్చేలోపు 18 కిలోపాస్కల్, అంటే 0.18 బార్ పడిపోతుంది. గాలి తీసేటప్పుడు కొంత నీరు పోయి కింద ఒత్తిడి 0.8 బార్‌కు దిగింది. పైకి 7 మీటర్లు, అంటే 0.7 బార్ పోతే మిగిలింది 0.1. పై రేడియేటర్ వాల్వు దాటేసరికే పంపు లాగేది ఆ 0.1ని మించింది. పైన ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికంటే కిందికి పోయింది. పీల్చదా మరి!

ట్యాంకు కలిపే చోటును పంపు నోటి ముందుకు మార్చాం. ఇప్పుడు పంపు ఒత్తిడి ఇంటి ఒత్తిడికి కలుస్తుంది, తీసివేత కాదు. ట్యాంకు 25 లీటర్లది. 10 నుంచి 60 డిగ్రీలకు నీరు 1.7 శాతం వ్యాకోచిస్తుంది. 210 లీటర్లకు అది మూడున్నర లీటర్లే, ధారాళంగా సరిపోతుంది. ట్యాంకులో గాలి 1 బార్, చల్లగా ఉన్నప్పుడు నీళ్లు 1.3 బార్. గుడగుడలు ఆగిపోయాయి.

23వ రోజు

చివరికి ఆ సెన్సర్ అట్టపెట్టెలోంచి బయటికొచ్చింది. ఉత్తరపు గోడ మీద, కిటికీకీ పొగగొట్టానికీ దూరంగా బిగించాం. ఇకనుంచి బయటి చలిని బట్టి సప్లై మారుతుంది: మైనస్ 10కి 60, 5 డిగ్రీలకు 42.

60లోనే ఉంచినా వాల్వులు నొక్కేస్తాయి కదా, రిటర్న్ చల్లగానే వస్తుంది కదా అని తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. వస్తుంది, వాల్వుల జోలికి ఎవరూ పోనంతకాలం. ఎవరో ఒకరు చలేస్తోందని పూర్తిగా తిప్పేస్తారు, ఇంకొకరు ఉక్కపోస్తోందని కిటికీ తీస్తారు. ప్రవాహం పెరిగి రిటర్న్ మళ్లీ 45 దగ్గరికి ఎక్కుతుంది. నీళ్లే అవసరమైనంత వేడితో వెళ్తే ఆ వాల్వుకు చేయాల్సిన పనే తక్కువ.

సాయంత్రం వాల్వుల లోపలి సెట్టింగులు. 1.2 కిలోవాట్ల గదికి గంటకు 69 లీటర్లు చాలు. చివర ఉన్న రేడియేటర్‌కు కేవీ (వాల్వు ఎంత నీటిని పోనిస్తుందో చెప్పే అంకె) 0.24, పంపు పక్కనున్న దానికి 0.18. దగ్గరివాటిని బిగించకపోతే నీళ్లన్నీ అక్కడే తిరుగుతాయి. పద్నాలుగూ చేసేసరికి మోకాళ్లు పట్టేశాయి.

24వ రోజు

బయట మళ్లీ 5 డిగ్రీలు. సప్లై 42, రిటర్న్ 35, పొగ 40. స్టాప్‌వాచ్ పెట్టి బకెట్ పక్కన కూర్చున్నాను. గంటకు లీటరు.

ఒక లీటరు నీరైతే 0.67 కిలోవాట్-గంటల గుప్తోష్ణం చేతికొచ్చినట్టు. 12 రోజుల కింద ఇదంతా పొగగొట్టంలోంచి తెల్లటి మేఘంగా పోయింది.

31వ రోజు

రాత్రి మైనస్ 6. సప్లై 55, రిటర్న్ 42. బకెట్లో గంటకు లీటరుంపావు. మంట ఎక్కువైంది కాబట్టి నీరు పెరిగింది గానీ, వాటాగా చూస్తే 57 శాతం కాస్తా 40 దగ్గరికి దిగింది. ఉత్తరం గది 20 పట్టుకుని నిలబడింది. కొత్త రేడియేటర్ లేకపోతే ఇవాళ ఫోన్ వచ్చేదే.

డ్రెయిన్ కూడా పూర్తయింది. బకెట్లో నీళ్లకు పీహెచ్ కాగితం ముంచితే 4 చూపించింది. ఇనుప పైపునూ సిమెంటునూ తినేస్తుంది. అందుకని పాలరాయి ముక్కలు నింపిన డబ్బా గుండా పోనిచ్చి, అక్కడ్నుంచి ప్లాస్టిక్ పైపులో, ఇంటి లోపలి దారినే డ్రెయిన్‌కు కలిపాం. బయట గోడ వెంట తీసుకెళ్తే సరిగ్గా చలి ఎక్కువైన రాత్రే గడ్డకట్టి బాయిలర్ ఆగిపోతుంది. డబ్బా దాటాక కాగితం 6.5 దాటింది. ముక్కలు కరిగిపోతాయి కాబట్టి ఏడాదికోసారి చూసి నింపమని మూత మీద రాశాను.

బకెట్ శుభ్రంగా కడిగి ఇంటాయన చేతికిచ్చాను. "నెల రోజులుగా దీనికోసం వెతుకుతోంది మా ఆవిడ," అన్నారు.